కరెంటు చుట్టూ అయస్కాంతం – 5వ పాఠం: లోపల కరెంట్ లేకపోతే ఫీల్డ్ కూడా లేనట్టేనా?

ఈసారి నేరుగా గొట్టాల్లోకి దిగుదామనుకున్నా, కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకి మీరు పంపిన జవాబులు చూశాక అది కుదిరేలా లేదు. లెక్క గుర్తుందిగా: 2 మి.మీ. రేడియస్ ఉన్న గుండ్రటి రాగి తీగ, లోపల బోలు లేకుండా నిండుగా ఉంది, 10 ఆంపియర్ల డీసీ కరెంట్ అడ్డుకోత అంతా సమానంగా పరుచుకుని పోతోంది, యాక్సిస్ (తీగ నడిమధ్యగా పొడవునా పోయే ఊహా గీత) నుంచి 1 మి.మీ. దూరంలో, అంటే తీగ ఒంట్లోనే, మ్యాగ్నెటిక్ ఫీల్డ్ ఎంత? కొందరు 2 మిల్లీటెస్లా (ఫీల్డ్‌ని కొలిచే యూనిట్ టెస్లా, అందులో వెయ్యో వంతు) అన్నారు, కొందరు 1 అన్నారు, ఇంకొందరు ఏకంగా సున్నా అన్నారు. జవాబు 0.5.

2 అన్నవాళ్ళు చేసిందేంటంటే, తీగ బయట వాడాల్సిన ఫార్ములాని లోపల పెట్టేశారు, 10 ఆంపియర్లూ లూపు (ఫీల్డ్ కావాల్సిన చోటు మీదుగా యాక్సిస్ చుట్టూ మనం ఊహించి గీసే గుండ్రటి గీత) లోపలే ఉన్నాయనుకున్నారు. లూపు రేడియస్ 1 మి.మీ. అండీ, తీగ రేడియస్ 2. లూపు బయట కూడా బోలెడు రాగి ఉంది, అందులోంచీ కరెంట్ పోతోంది, దాన్ని ఈ లూపు ఖాతాలో ఎలా రాస్తారు.

1 అన్నవాళ్ళు ఆ సంగతి పట్టుకున్నారు, కానీ రేడియస్ సగం కాబట్టి కరెంట్ కూడా సగం, 5 ఆంపియర్లు అనేశారు. కరెంట్ పరుచుకునేది వైశాల్యం మీద. రేడియస్ సగమైతే వైశాల్యం నాలుగో వంతు, లోపలి కరెంట్ 2.5 ఆంపియర్లు, అంతే. దీని గురించి ఇంక మాట్లాడను, ఇంటర్ సెకండియర్ దాటినవాళ్ళకి ఇది చెప్పాల్సిన పని లేదు.

సున్నా అన్నవాళ్ళు 'కండక్టర్ లోపల ఫీల్డ్ సున్నా' అని ఎప్పుడో చదివింది తెచ్చి ఇక్కడ అతికించారు. అది ఎలక్ట్రిక్ ఫీల్డ్ గురించి, అదీ ఛార్జీలు కదలకుండా కూర్చున్నప్పుడు. ఇక్కడ కరెంట్ పోతోంది, అంటే తీగ లోపల ఎలక్ట్రిక్ ఫీల్డే సున్నా కాదు, లేకపోతే కరెంట్‌ని నెట్టేదెవరు? మ్యాగ్నెటిక్ ఫీల్డ్‌కైతే ఆ రూలుతో చుట్టరికమే లేదు.

సరే, లెక్క చేసే పద్ధతి నాది నేను చెప్తా, నచ్చితే వాడుకోండి. మ్యూనాట్ (కరెంట్‌కీ అది పుట్టించే ఫీల్డ్‌కీ లంకె వేసే స్థిరాంకం) బై 2 పై అనేది ప్రతి లెక్కలోనూ వస్తుంది, దాన్ని ప్రతిసారీ 4 పై ఇంటూ 10⁻⁷ అని రాసి, పై కొట్టేసి, మీటర్లలోకి మార్చి, పవర్లు కూడి, అక్కడో తప్పు చేసి... నాకంత ఓపిక లేదు. అదంతా కలిపితే 2 × 10⁻⁷. దూరం మి.మీ.లో, కరెంట్ ఆంపియర్లలో పెట్టి, జవాబు మిల్లీటెస్లాలో తీసుకుంటే మిగిలేది ఇంతే:

ఫీల్డ్ = 0.2 × లూపు లోపలి కరెంట్ ÷ లూపు రేడియస్

2019 మే 20 నుంచి మ్యూనాట్ అనేది ఖాయం చేసిన సంఖ్య కాదు, కొలిచి తెలుసుకునే సంఖ్య అయింది, కాబట్టి 2 × 10⁻⁷ అనేది కూడా పిసరంత అటూ ఇటూనే. ఆ తేడా కనిపించాలంటే మీరు తొమ్మిది పది అంకెల దాకా లెక్క చెయ్యాలి. మన రాగి తీగ రేడియస్సే రెండో అంకె దగ్గర నమ్మకం లేదు, వదిలెయ్యండి.

పోయిన లెక్క ఇందులో పెడితే 0.2 × 2.5 ÷ 1 = 0.5. తీగ అంచున, 2 మి.మీ. దగ్గర, 0.2 × 10 ÷ 2 = 1. బయట 4 మి.మీ. దగ్గర 0.2 × 10 ÷ 4 = 0.5. చూశారా, లోపల 1 మి.మీ. దగ్గర, బయట 4 మి.మీ. దగ్గర ఒకటే ఫీల్డ్. యాక్సిస్ మీద సున్నా, అక్కణ్ణుంచి అంచు దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఎక్కుతుంది, అంచు దగ్గర శిఖరం, బయటికెళ్ళేకొద్దీ దూరం రెట్టింపైతే ఫీల్డ్ సగం. నిండు తీగ కథ ఇంతే.

ఇంట్లో వైరుకి వేసి చూడండి. గది చల్లబరిచే ఏసీకి లాగిన 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, తీగలన్నీ కలిపి ఒకటే గుండ్రటి రాడ్డనుకుంటే రేడియస్ 1.13 మి.మీ. 8 ఆంపియర్లు పోతుంటే రాగి అంచున 1.4 మిల్లీటెస్లా, సెంటీమీటరు దూరంలో 0.16. భూమి ఫీల్డ్ మన వైపు సుమారు 0.04 మిల్లీటెస్లా, అంటే సెంటీమీటరు దూరంలో దానికి నాలుగింతలు. అదే 8 ఆంపియర్లు 1 స్క్వేర్ ఎంఎం వైర్లో పంపిస్తే (పంపకండి, లెక్క కోసం అంటున్నా) రాగి అంచున ఫీల్డ్ రెట్టింపవుతుంది, కానీ సెంటీమీటరు దూరంలో మళ్ళీ అదే 0.16. బయట నిలబడ్డవాడికి తీగ లావా సన్నమా అన్నది తెలీదు, అంచు దగ్గరున్నవాడికే తెలుస్తుంది. ఇంట్లోది 50 హెర్ట్జ్ కరెంట్ కదా, డీసీ లెక్క ఎలా చేస్తావ్ అనొచ్చు. రాగిలో 50 హెర్ట్జ్ దగ్గర స్కిన్ డెప్త్ (అటూ ఇటూ మారే కరెంట్ లోహం పైనుంచి లోపలికి సుమారుగా ఎంత లోతు దాకా చొరబడుతుందో అది) 9 మి.మీ. పైమాటే, 1 మి.మీ. తీగకి కరెంట్ సమానంగానే పరుచుకున్నట్టు. వేలి కంటే లావుపాటి రాడ్లకి మాత్రం ఈ మాట చెల్లదు. ఇంకోటి, ఇదంతా రాగికీ అల్యూమినియంకీ, జీఐ వైరుకి లోపలి లెక్క వేరు, ఇనుము అయస్కాంతపు జాతి కాబట్టి.

ఇప్పుడు గొట్టం. ముందు పల్చటి గొట్టం, సిగరెట్ ప్యాకెట్లో రేకులాంటి గోడ అనుకోండి. కరెంటంతా గోడలోనే. బయట ఎక్కడైనా లూపు గీస్తే కరెంటంతా లోపలే, కాబట్టి నిండు తీగ ఉన్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. లోపల బోలులో, యాక్సిస్ చుట్టూ గుండ్రంగా లూపు గీస్తే దాని లోపల కరెంట్ లేదు, ఫీల్డ్ సున్నా. యాక్సిస్ మీదే కాదు, గోడకి ఆనుకుని ఉన్న చోట కూడా సున్నాయే.

ఈ సున్నా కరెక్టే. కానీ ఇది ఎందుకు కరెక్టో అడిగితే అందరూ 'లోపల కరెంట్ లేదు కదా సార్' అంటారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆ మాట చాలదు. అది కాసేపట్లో.

దళసరి గొట్టం ముందు చూసేద్దాం. లోపలి రేడియస్ 3 మి.మీ., బయటి రేడియస్ 5, కరెంట్ 80 ఆంపియర్లు. గోడ మధ్యలో 4 మి.మీ. దగ్గర ఫీల్డ్ కావాలి. పై ఎక్కడా రాయొద్దు, అన్నిచోట్లా ఉంటుంది, అన్నిచోట్లా కొట్టేసుకుంటుంది. స్క్వేర్లు చాలు: గోడ మొత్తం 25 − 9 = 16, దానికి 80 ఆంపియర్లు, అంటే ఒక్కో వంతుకి 5. లూపు లోపలి గోడ 16 − 9 = 7, కాబట్టి 35 ఆంపియర్లు. ఫీల్డ్ 0.2 × 35 ÷ 4 = 1.75 మిల్లీటెస్లా. బయటి అంచున 0.2 × 80 ÷ 5 = 3.2. లోపలి అంచున సున్నా. ఇక్కడ ఒక్క మాట, నిండు తీగలో గీత తిన్నగా ఎక్కింది కదా అని గోడలో కూడా తిన్నగానే గీసేసి, మధ్యలో 1.6 వస్తుందనుకోకండి. వచ్చింది 1.75. గీత లోపలి అంచు దగ్గర నిటారుగా లేచి తర్వాత కొంచెం వాలుతుంది, పైకి ఉబ్బినట్టుంటుంది. పరీక్షల్లో నాలుగు గ్రాఫులిచ్చి ఏది కరెక్టో టిక్కు పెట్టమంటే తేల్చేది ఆ ఉబ్బే.

గొట్టం బయట ఫీల్డ్ ఉండి లోపల లేకపోవడం కాయితం మీద లెక్కే అనుకునేవాళ్ళకి ఒక నిజం సంగతి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లోని హార్ట్‌లీ వేల్ అనే చోట కిరోసిన్ రిఫైనరీలో పిడుగు కండక్టరుగా రాగి గొట్టం పెట్టారు. పిడుగు పడ్డాక చూస్తే గొట్టం ఎవరో పిడికిట్లో పట్టి నలిపినట్టు లోపలికి నొక్కుకుపోయి ఉంది. సిడ్నీ యూనివర్సిటీలో పొలాక్, బారక్లఫ్ అనే ఇద్దరు 1905లో దాన్ని పట్టుకుని లెక్క కట్టి, నలిపింది ఆ కరెంట్ తాలూకు సొంత మ్యాగ్నెటిక్ ఫీల్డే అని చెప్పారు. మన ఫార్ములాతో చూద్దాం. గొట్టం రేడియస్ 9 మి.మీ., పిడుగు కరెంట్ లక్ష ఆంపియర్లు అనుకుంటే (పెద్ద పిడుగే, కానీ ఉండనిది కాదు) బయటి అంచున 0.2 × 100000 ÷ 9, అంటే 2200 మిల్లీటెస్లా, 2.2 టెస్లా. లోపల సున్నా. ఫీల్డ్ ఉన్నవైపు నుంచి లేనివైపుకి తోపుడు ఉంటుంది, టెస్లాల్లో ఫీల్డ్‌ని స్క్వేర్ చేసి 4 తో గుణిస్తే సుమారుగా ఎన్ని అట్మాస్ఫియర్ల ప్రెషరో వస్తుంది. ఇక్కడ ఇరవై దాకా. పైగా అంత కరెంట్‌కి రాగి వేడెక్కి మెత్తబడుతుంది కూడా, ఇంక నలగక ఏం చేస్తుంది. లోపల కూడా అంతే ఫీల్డ్ ఉండుంటే ఈ తోపుడు ఉండేది కాదు.

ఇప్పుడు నన్ను ఏళ్ళ తరబడి విసిగిస్తున్న విషయానికొద్దాం. 'లూపు లోపల కరెంట్ సున్నా, కాబట్టి ఫీల్డ్ సున్నా.' ఈ వాక్యం తప్పు. గొట్టం దగ్గర జవాబు సరిగ్గా వస్తుంది కాబట్టి తప్పని ఎవరికీ అనుమానం రాదు, అదే దీంతో వచ్చిన తంటా.

ఆంపియర్ నియమం చెప్పేదేంటి? లూపు వెంబడి ఒక రౌండు నడవండి, ప్రతి అడుగులోనూ మీరు నడిచే దిక్కున ఫీల్డ్ ఎంతుందో చూసి అడుగు పొడవుతో గుణించండి, ఎదురొస్తుంటే మైనస్ పెట్టండి, రౌండు పూర్తయ్యాక అన్నీ కూడండి. ఆ మొత్తం లోపలి కరెంట్ మీదే ఆధారపడుతుంది. మొత్తం. విడివిడిగా ఒక్కో అడుగు దగ్గర ఎంతుందన్నది ఆ నియమం చెప్పదు. అలిపిరిలో బయల్దేరి కొండెక్కి, దర్శనం చేసుకుని, మళ్ళీ అలిపిరికే దిగితే ఎక్కిందీ దిగిందీ కలిపి సున్నా. అంతమాత్రాన ఘాట్ రోడ్డు చదునుగా ఉందంటామా?

మరి మొత్తం తెలిస్తే ఒక్కో చోటా ఎంతో ఎప్పుడు చెప్పొచ్చు? లూపు మీద ప్రతి చోటా ఫీల్డ్ ఒకే సైజులో, లూపు వెంబడే ఉందని ముందే తెలిసినప్పుడు. అప్పుడు మొత్తం అంటే ఫీల్డ్ ఇంటూ చుట్టుకొలత, భాగించేస్తే ఫీల్డ్ వచ్చేస్తుంది. ఆ 'ముందే తెలియడం' ఆంపియర్ నియమం నుంచి రాదు, ఆకారం నుంచి వస్తుంది. నిండు తీగని, గొట్టాన్ని యాక్సిస్ చుట్టూ ఎంత తిప్పినా చూడ్డానికి అదే తీగ, అదే గొట్టం, కరెంట్ పరుచుకున్న తీరూ అదే. కాబట్టి ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ ఉండటానికి కారణం లేదు. ఫీల్డ్ యాక్సిస్ నుంచి బయటికి చిమ్మినట్టు ఎందుకు ఉండదు అన్నది రెండో పాఠంలో చెప్పా, మళ్ళీ చెప్పను. ఆ ఆకారం చెడిపోయిందా, భాగించే హక్కు పోయినట్టే. నియమం అప్పుడూ నిజమే, దానివల్ల మీకు ఉపయోగం ఉండదు అంతే.

నమ్మకం కలగాలంటే ఎలక్ట్రీషియన్‌ని అడగండి. వైరు చుట్టూ దవడలా పట్టించి కరెంట్ చదివే క్లాంప్ మీటర్ అంటే నడిచే ఆంపియర్ నియమమే, దాని దవడ మన లూపు. డీసీ చదివే క్లాంప్ మీటర్ తీసుకుని సోలార్ ప్యానెల్ నుంచి వచ్చే రెండు వైర్లలో ఒకటే దవడలో పెడితే 10 ఆంపియర్లు చూపిస్తుంది, వైరు దవడ మధ్యలో ఉన్నా ఒక పక్కకి ఒరిగినా రీడింగ్ దాదాపు మారదు. రెండు వైర్లూ కలిపి పెడితే సున్నా, ఒకదాన్లో పోయింది రెండోదాన్లో తిరిగొస్తోంది కదా. కొత్తగా పనిలోకొచ్చిన కుర్రాడు రెండూ కలిపి పట్టుకుని కరెంటే రావట్లేదంటాడు, మేస్త్రీ నవ్వుతాడు.

మరి దవడ లోపల ఫీల్డ్ నిజంగా సున్నాయా? రెండు వైర్ల సెంటర్ల మధ్య దూరం 4 మి.మీ. అనుకోండి. సరిగ్గా నడుమ నిలబడితే ఒక్కో వైరు నుంచి 2 మి.మీ., ఒక్కోటి 0.2 × 10 ÷ 2 = 1 మిల్లీటెస్లా ఇస్తుంది. కరెంట్లు ఎదురెదురు కాబట్టి నడిమి చోట రెండు ఫీల్డులూ ఒకే దిక్కు (కుడిచేతి బొటనవేలు కరెంట్ వైపు పెట్టి చూసుకోండి, మిగతా వేళ్ళు ముడుచుకునే దిక్కే ఫీల్డ్), కలిపితే 2. క్లాంప్ మీటరు సున్నా అంటున్న లూపు లోపలే, ఒంటరి వైరుంటే ఎంతుండేదో దానికి రెట్టింపు. దూరం వెళ్తే మాత్రం నిజంగానే కొట్టేసుకుంటాయి: మీటరు దూరంలో ఒంటరి వైరైతే 2 మైక్రోటెస్లా, ఈ జంటైతే, రెండూ ఉన్న గీత మీదే దూరంగా వెళ్తే, 0.008. ఇందాక ఏసీ వైరుకి సెంటీమీటరు దూరంలో 0.16 అన్నా కదా, అదీ ఒక్క ఫేజు వైరు లెక్కే, న్యూట్రల్ పక్కనే ఆనుకుని ఉంటే అంత రాదు.

ఇంకా ఎవరికైనా గొట్టం సున్నా చూసి మనసు లాగుతుంటే వాళ్ళకోసమే ఈ తర్వాతిది. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క.

నిండు రాడ్డు, రేడియస్ 10 మి.మీ. అందులో పొడవునా ఒక రంధ్రం తొలిచారు, రంధ్రం రేడియస్ 3 మి.మీ., కానీ మధ్యలో తొలవలేదు, రంధ్రం సెంటర్ రాడ్డు యాక్సిస్ నుంచి 5 మి.మీ. కుడికి ఉంది. మిగిలిన లోహంలో 182 ఆంపియర్లు సమానంగా పరుచుకుని మనవైపుకి వస్తున్నాయి. రంధ్రం లోపల ఫీల్డ్ ఎంత?

రంధ్రంలో గీసే ఏ లూపులోనూ కరెంట్ లేదు. సున్నా అని చెయ్యెత్తేవాళ్ళు దించండి.

ఇక్కడ చెయ్యాల్సింది, లేనిదాన్ని ఉన్నట్టు ఊహించుకోవడం. రంధ్రం లేకుండా నిండు రాడ్డు అనుకోండి, దాని మీద రంధ్రం సైజులో ఇంకో సన్న రాడ్డు, అందులో కరెంట్ ఉల్టా, అంటే లోపలికి. రంధ్రం ఉన్న చోట రెండూ కొట్టేసుకుని కరెంట్ సున్నా అవుతుంది, అసలు రాడ్డే దొరుకుతుంది. రెండిట్లోనూ సిమెట్రీ (ఎంత తిప్పినా మారని ఆ ఆకారం) ఉంది, ఎవరి యాక్సిస్ చుట్టూ వాళ్ళకి. కాబట్టి విడివిడిగా భాగించే హక్కు మనకి తిరిగొచ్చింది.

స్క్వేర్ల లెక్కే: 100 − 9 = 91 వంతులకి 182, వంతుకి 2 ఆంపియర్లు. నిండు రాడ్డులో 200, ఉల్టా రాడ్డులో 18, తీసేస్తే 182, సరిపోయింది. చాలామంది నిండు రాడ్డుకి 182 వేసేస్తారు, చూసుకోండి, లోహం ఎక్కువైతే కరెంట్ కూడా ఎక్కువ వెయ్యాలి, మారకూడనిది ఒక్కో వంతుకి ఎంతన్నది.

నిండు రాడ్డు లోపల యాక్సిస్ నుంచి ఏ దూరంలోనైనా లోపలి కరెంట్ 2 × దూరం స్క్వేర్, ఫీల్డ్ 0.2 × దానికి ÷ దూరం, అంటే 0.4 × దూరం. ఉల్టా రాడ్డుకీ అదే 0.4, తన సెంటర్ నుంచి దూరం, దిక్కు ఉల్టా. కుడిపక్క గీత మీద మూడు చోట్ల చూద్దాం. కరెంట్ మనవైపుకి వస్తే కుడిపక్క ఫీల్డ్ పైకి, ఎడమపక్క కిందికి.

రంధ్రం సెంటర్ దగ్గర, 5 మి.మీ.: నిండు రాడ్డు పైకి 2 ఇస్తుంది, ఉల్టా రాడ్డు తన సెంటర్లో ఏమీ ఇవ్వదు. మొత్తం 2 పైకి. రంధ్రం ఎడమ అంచున, యాక్సిస్ నుంచి 2 మి.మీ.: నిండు రాడ్డు పైకి 0.8. ఉల్టా రాడ్డుకి ఇది 3 మి.మీ. ఎడమ, మామూలుగా కిందికి ఉండాలి, ఉల్టా కాబట్టి పైకి, 1.2. మొత్తం 2. కుడి అంచున, 8 మి.మీ.: నిండు రాడ్డు పైకి 3.2, ఉల్టాది కిందికి 1.2. మొత్తం 2.

మూడు చోట్లా 2. గీత మీద నుంచి పక్కకి జరిగినా అంతే, రంధ్రంలో ఎక్కడైనా 2 మిల్లీటెస్లా, ఎక్కడైనా నిటారుగా పైకి. ఎందుకంటే నిండు రాడ్డు ఇచ్చే పైకి ముక్క 0.4 × కుడికి ఎంత జరిగామో అంత, ఎడమకి ముక్క 0.4 × పైకి ఎంత జరిగామో అంత. ఉల్టాదాని ఎడమ-కుడి ముక్క సైజులో అంతే, దిక్కు ఎదురు, అది పోతుంది. పైకి ముక్కల్లో మిగిలేది 0.4 × రెండు సెంటర్ల మధ్య దూరం. రంధ్రం సైజు ఈ జవాబులో లేదు, 0.4 లో ఉన్న కరెంట్ సాంద్రతా, సెంటర్ల దూరమూ, అంతే. రంధ్రాన్ని జరుపుతూ జరుపుతూ మధ్యకి తెస్తే సెంటర్ల దూరం సున్నా, ఫీల్డ్ సున్నా, మన గొట్టం వచ్చేసింది. గొట్టంలో సున్నా వచ్చింది రంధ్రం నడిమధ్యలో పడ్డందువల్ల.

బయట కూడా ఒకసారి చూడండి, ఇది ఎవరూ అడగరు కానీ నాకు చెప్పాలనుంది. యాక్సిస్ నుంచి 20 మి.మీ. కుడికి: 0.2 × 200 ÷ 20 = 2, అందులోంచి 0.2 × 18 ÷ 15 = 0.24 తీసేస్తే 1.76. అంతే దూరం ఎడమకి: 2 లోంచి 0.2 × 18 ÷ 25 = 0.144 తీసేస్తే 1.856. కళ్ళు మూసుకుని లూపు గీసి భాగించేసినవాడికి 0.2 × 182 ÷ 20 = 1.82 వస్తుంది. అది లూపు మొత్తానికి సగటు, కుడి దగ్గరా నిజం కాదు, ఎడమ దగ్గరా నిజం కాదు.

కోయాక్సియల్ కేబుల్ గురించి రెండు ముక్కలు. డిష్ నుంచి ఇంట్లోకొచ్చే నల్ల కేబుల్ తెలుసుగా, మధ్యలో ఒక రాగి తీగ, చుట్టూ తెల్ల ప్లాస్టిక్, దాని చుట్టూ జల్లెడలా అల్లిన షీల్డు. సెట్ టాప్ బాక్సు ఆ కేబుల్లోంచే పైన ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ అందుకునే డబ్బా) 13 లేదా 18 వోల్టుల డీసీ పంపిస్తుంది, మధ్య తీగలో వెళ్ళి షీల్డులో తిరిగొస్తుంది. 0.15 ఆంపియర్లు అనుకుంటే ప్లాస్టిక్‌లో 1 మి.మీ. దగ్గర 0.03 మిల్లీటెస్లా, భూమి ఫీల్డ్‌కి కాస్త తక్కువ. అక్కడ షీల్డులో కరెంట్ ఏం చేస్తోందో మనకి అనవసరం, అది లూపు బయటుంది, గుండ్రంగా సమానంగా ఉంది. కేబుల్ బయట సున్నా, ఇక్కడ సున్నా అనొచ్చు, తీగ సరిగ్గా మధ్యలో ఉన్నంత కాలం. కేబుల్‌ని తలుపు సందులో పెట్టి నొక్కేసి తీగ పక్కకి జరిగితే బయట కొంచెం ఫీల్డ్ వస్తుంది, లూపు లోపలి కరెంట్ అప్పుడూ సున్నాయే.

షీల్డు గోడ లోపల లెక్క చేసేటప్పుడు ముందు మధ్య తీగ కరెంట్ మొత్తం రాసుకుని, అందులోంచి లూపు లోపలికొచ్చిన షీల్డు వాటా తీసెయ్యండి. షీల్డు వాటా ఒక్కటే రాసి మధ్య తీగని మర్చిపోవడం మామూలే.

ప్రాక్టీసు. మొదటిది వార్మప్పే: కోయాక్సియల్, మధ్య తీగ రేడియస్ 1 మి.మీ., షీల్డు 4 నుంచి 5 మి.మీ. దాకా, కరెంట్ 9 ఆంపియర్లు. 4.5 మి.మీ. దగ్గర ఫీల్డ్ 0.21 మిల్లీటెస్లా రావాలి, రాకపోతే పైన పేరా మళ్ళీ చదవండి.

రెండోది అసలైంది, టైం పట్టుద్ది. పక్కకి తొలిచిన రంధ్రం రాడ్డు మళ్ళీ తీసుకోండి, అవే నంబర్లు. రాడ్డు యాక్సిస్ మీద ఫీల్డ్ ఎంత? సున్నా కాదు, యాక్సిస్ రంధ్రం బయట లోహంలో ఉంది, ఉల్టా రాడ్డు దానికి 5 మి.మీ. దూరంలో ఉంది, కాబట్టి అక్కడ 0.4 పని చెయ్యదు, బయటి ఫార్ములా వాడాలి. 0.72 పైకి వస్తుంది. ఇప్పుడు లోహం లోపల ఫీల్డ్ సరిగ్గా సున్నా అయ్యే చోటు కనుక్కోండి. అది యాక్సిస్‌కి ఏ పక్కనుంటుందో లెక్క మొదలెట్టకముందే చెప్పగలగాలి, తర్వాత క్వాడ్రాటిక్ వస్తుంది, జవాబు యాక్సిస్ నుంచి సుమారు 1.4 మి.మీ. అదయ్యాక, రాడ్డులో ఇంకో 3 మి.మీ. రంధ్రం ఎడమపక్క కూడా 5 మి.మీ. దగ్గర తొలిచి, ఒక్కో వంతుకి కరెంట్ 2 ఆంపియర్లే ఉంచి, కుడి రంధ్రం సెంటర్లో ఫీల్డ్ ఎంతో చెప్పండి. ఇంకా 2 వస్తుందా, తగ్గుతుందా? రంధ్రం అంతటా ఇంకా ఒకేలా ఉంటుందా? రెండు ఫీల్డు బాణాలూ గీసిన బొమ్మతో పంపండి, ఉత్త నంబరు పంపితే చూడను.